ఎర్ర అక్షరాల్లో మిగిలిన పేరు
(మేరీల్యాండ్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది ‘హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్’ అనే టీవీ సీరియల్ గురించి. 1993 జనవరి 31న ఎన్‌బీసీ చానల్లో మొదలైంది, 1999 మే 21న ముగిసింది. 7 సీజన్లు, 122 ఎపిసోడ్లు, ఆ తర్వాత 2000లో కథకు ముగింపుగా ఒక టీవీ సినిమా. కథ నడిచేది బాల్టిమోర్‌లో. తీసింది కూడా బాల్టిమోర్ వీధుల్లోనే. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మనం వాళ్లను ఇన్నర్ హార్బర్‌కు తీసుకెళ్తాం, అక్వేరియం చూపిస్తాం, చీకటి పడకముందే బయల్దేరి వచ్చేస్తాం. ఆ హార్బర్‌కు కాస్త దూరంలోనే ఉన్న మరో బాల్టిమోర్ గురించి ఈ సీరియల్ అన్నేళ్లపాటు కథలు చెప్పింది. అమెరికాలో పోలీసు కథ చెప్పే పద్ధతినే అది మార్చిందని నా నమ్మకం. ఎందుకలా అనుకుంటున్నానో చెబుతాను.

డిటెక్టివ్‌లు పనిచేసే గదిలో ఒక గోడకు పెద్ద తెల్లబోర్డు ఉంటుంది. పైన వరసగా డిటెక్టివ్‌ల పేర్లు. ఒక్కొక్కరి పేరు కింద వాళ్ల చేతికొచ్చిన కేసులు, అంటే చంపబడ్డ మనుషుల పేర్లు. కేసు తేలనంతకాలం ఆ పేరు ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. తేలిన రోజున చెరిపేసి నల్ల అక్షరాల్లో రాస్తారు. ఆ గదిలోకి ఎవరొచ్చినా ముందు చూపు అటే పోతుంది. కే హోవర్డ్ అనే డిటెక్టివ్ పేరు కింద అన్నీ నలుపే; మగవాళ్లంతా ఆ వరస చూసి లోపల్లోపల కుళ్లుకుంటారు. ఎరుపు పెరిగితే పైఅధికారులు లెఫ్టినెంట్ మీద పడతారు, లెఫ్టినెంట్ వచ్చి వీళ్ల మీద పడతాడు. ఈ బోర్డు రచయితలు ఊహించి పెట్టింది కాదు. బాల్టిమోర్ పోలీసుల హోమిసైడ్ విభాగంలో, అంటే హత్య కేసులు చూసే విభాగంలో, నిజంగానే అలాంటి బోర్డు ఉండేది.

ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందంటే, దీని వెనక ఒక విలేకరి ఉన్నాడు. డేవిడ్ సైమన్. ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో క్రైమ్ వార్తలు రాసేవాడు. 1988 సంవత్సరమంతా పోలీసుల అనుమతితో హోమిసైడ్ విభాగంలోనే గడిపాడు. వాళ్లతో పాటు శవాల దగ్గరికి వెళ్లాడు, పోస్టుమార్టం గదిలో నిలబడ్డాడు, విచారణలు చూశాడు, నైట్ డ్యూటీ అయ్యాక వాళ్లు తాగే చోట కూర్చున్నాడు. ఆ ఒక్క ఏడాదిలో బాల్టిమోర్‌లో 234 హత్యలు జరిగాయి. అదంతా 1991లో పుస్తకంగా వచ్చింది. ఆ పుస్తకం బాల్టిమోర్‌లోనే పుట్టి పెరిగిన సినిమా దర్శకుడు బ్యారీ లెవిన్సన్ చేతికి చేరింది. ‘రెయిన్ మ్యాన్’ తీసి ఆస్కార్ తెచ్చుకున్న లెవిన్సన్. సినిమాగా తీస్తే రెండు గంటల్లో ఒకటో రెండో కేసులు పడతాయి, ఈ పుస్తకం అసలు బలం ఒకదాని మీద ఒకటి వచ్చిపడే కేసుల్లో ఉంది, అందుకే సీరియల్ అనుకున్నారు. పాల్ అటనాసియో దానికి రూపం ఇచ్చాడు. టామ్ ఫోంటానా మొదటి నుంచి చివరిదాకా కథల బాధ్యత మోశాడు.

అప్పటికి టీవీలో పోలీసు కథ అంటే ఒక లెక్క ఉండేది. మొదటి పది నిమిషాల్లో హత్య, మధ్యలో ఒక ఛేజింగ్, చివరి పది నిమిషాల్లో హంతకుడి చేతికి బేడీలు. ‘హోమిసైడ్’లో ఛేజింగులు దాదాపు లేవు. తుపాకీ బయటికి తీయడం కూడా అరుదు, ఎందుకంటే హోమిసైడ్ డిటెక్టివ్ వచ్చేసరికే ప్రాణం పోయి ఉంటుంది. ఆ మనిషి చేతిలో ఉండేది నోట్‌బుక్కు, పెన్ను. తలుపులు కొడతాడు, ఎవరూ ఏమీ చూడలేదంటారు. ఫోన్లు చేస్తాడు. రిపోర్టులు టైప్ చేస్తాడు. ఓవర్‌టైమ్ డబ్బు గురించి, విడాకుల గురించి, లింకన్‌ను చంపిందెవరన్న దాని గురించి పార్ట్‌నర్‌తో గంటలు గంటలు వాదిస్తాడు. ‘నైట్ ఆఫ్ ద డెడ్ లివింగ్’ అని ఒక ఎపిసోడ్ ఉంది. అందులో ఒక్క హత్యా జరగదు. వేసవి రాత్రి, ఏసీ పాడైంది, ఫోన్ మోగదు, డ్యూటీలో ఉన్నవాళ్లంతా చెమటలు కక్కుతూ కూర్చుంటారు. ఎపిసోడ్ అంతా అదే. ఆ రోజుల్లో ఒక పెద్ద చానల్లో అలాంటిది రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. చానల్ వాళ్లు దాన్ని మూడోదిగా రావాల్సిన చోటు నుంచి తీసి సీజన్ చివరికి నెట్టారు.

తీసిన తీరు కూడా అలాగే ఉంటుంది. సూపర్ 16 ఎంఎం కెమెరాను భుజాన పెట్టుకుని మనుషుల మధ్య తిరుగుతూ తీశారు. మాట సగంలో షాట్ తెగి, అదే మనిషి ఇంకోవైపు తిరిగి కనిపిస్తాడు. కొన్నిచోట్ల ఒకే మాటను, ఒకే చూపును రెండు మూడుసార్లు వెంటవెంటనే చూపిస్తారు. మొదట్లో కళ్లు అదురుతాయి, అప్పట్లో చాలామంది ప్రేక్షకులు ఇది చూడలేం అన్నారు. నాకు మాత్రం ఆ పద్ధతి డిటెక్టివ్ పనికి సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది. సాక్షి చెప్పేది ఎప్పుడూ ముక్కలుగానే ఉంటుంది. ఒకటే క్షణాన్ని పదిసార్లు తిరగేసి చూస్తే గానీ అందులో ఏముందో తెలియదు.

ఊరు కూడా ఈ సీరియల్‌లో ఒక పాత్రే. పోలీసు ఆఫీసుగా చూపించిన పాత ఇటుకల భవనం ఫెల్స్ పాయింట్‌లో, థేమ్స్ స్ట్రీట్‌లో, నీళ్లను ఆనుకుని ఉంది. 1914లో కట్టిన రిక్రియేషన్ పియర్ అది. ఇప్పుడు దాన్ని ఖరీదైన హోటల్‌గా మార్చారు, కానీ ముందు గోడ అలాగే ఉంది, వెళ్తే గుర్తుపడతారు. మూడో సీజన్‌లో డిటెక్టివ్‌లు ముగ్గురు కలిసి కొనుక్కునే వాటర్‌ఫ్రంట్ బార్ కూడా ఆ వీధిలోనే. అక్కడి నుంచి కారులో కొంచెం లోపలికి వెళ్తే ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఇళ్ల వరసలు, గుమ్మం ముందు పాలరాతి మెట్లు, సగం ఇళ్లకు చెక్కలు కొట్టేసిన కిటికీలు. షూటింగ్ అంతా అక్కడే కాబట్టి నిజానికి, నాటకానికి మధ్య గీత కొన్నిసార్లు చెరిగిపోయేది. ఒకసారి షాపులో దొంగతనం చేసి పరుగెత్తుతున్న ఒకతను మలుపు తిరిగేసరికి డిటెక్టివ్ వేషాల్లో నటులు కనిపించారట. నిజం పోలీసులే అనుకుని అక్కడికక్కడే లొంగిపోయాడని చెబుతారు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ఫ్రాంక్ పెంబుల్టన్. న్యూయార్క్ నుంచి వచ్చిన నల్లజాతి డిటెక్టివ్. జెసూయిట్ క్రైస్తవ ఫాదర్ల బడుల్లో చదువుకున్నవాడు, లాటిన్ తెలిసినవాడు, పార్ట్‌నర్ అక్కర్లేదనేవాడు. దేవుడితో గొడవ పడే క్యాథలిక్కు. ఈ పాత్ర వేసింది ఆండ్రే బ్రాఫర్. మనలో చిన్నవాళ్లకు ఆయన ‘బ్రూక్లిన్ నైన్-నైన్’లో కెప్టెన్ హోల్ట్‌గా తెలుసు. ఆ నవ్వించే మనిషి ఇరవై ఏళ్ల ముందు చేసిన పని ఇది. 1998లో ఈ పాత్రకు టీవీ రంగంలో పెద్ద అవార్డయిన ఎమ్మీ వచ్చింది. 2023 డిసెంబరులో, 61 ఏళ్లకే పోయారు. నా దృష్టిలో అమెరికన్ టీవీలో ఇంతకంటే గొప్ప నటన లేదు. నాలుగో సీజన్ చివర పెంబుల్టన్‌కు విచారణ మధ్యలో పక్షవాతం వస్తుంది. మాటే ఆయుధంగా బతికిన మనిషికి మాట తడబడటం మొదలవుతుంది. తర్వాతి సీజన్‌లో తిరిగి డ్యూటీలో చేరడానికి ఆయన పడే పాట్లు, మర్చిపోయిన పదం కోసం నోరు తడుముకోవడం, పార్ట్‌నర్ జాలిపడితే వచ్చే కోపం, ఇవన్నీ నెలల తరబడి నడుస్తాయి. రెండు ఎపిసోడ్లలో కోలుకున్నాడని చెప్పి దులిపేసుకోలేదు.

ఆ పార్ట్‌నర్ టిమ్ బేలిస్, నటుడు కైల్ సికోర్. మొదటి ఎపిసోడ్‌లో కొత్తగా హోమిసైడ్‌లో చేరతాడు. ఆ ఎపిసోడ్ చివరే అతనికి మొదటి కేసు వస్తుంది. వర్షంలో ఒక ఇంటి వెనక పడి ఉన్న 11 ఏళ్ల పాప శవం. కథలో ఆ పాప పేరు అడీనా వాట్సన్. ఇది సైమన్ పుస్తకంలోని నిజమైన కేసు. 1988లో బాల్టిమోర్‌లో ఒక చిన్నపాప లైబ్రరీకి వెళ్లి ఇల్లు చేరలేదు. ఆ హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు.

అడీనా కేసు మొదటి సీజన్‌లో ఐదో ఎపిసోడ్‌కు వచ్చేసరికి ఒక గదిలోకి చేరుతుంది. ఆ ఎపిసోడ్ పేరు ‘త్రీ మెన్ అండ్ అడీనా’. 1993 మార్చిలో వచ్చింది. రాసింది ఫోంటానా, తీసింది మార్టిన్ క్యాంప్‌బెల్. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే సీరియల్ మొత్తానికి గుండె ఇదే.

విచారణ జరిగే గదిని వాళ్లు ‘ద బాక్స్’ అంటారు. ఒక బల్ల, కుర్చీలు, గోడలు. అనుమానితుడు రిస్లీ టక్కర్ అనే ముసలాయన. బాల్టిమోర్‌లో గుర్రపు బండి మీద వీధివీధీ తిరిగి పళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు ఉన్నారు, ‘అరాబర్లు’ అంటారు. ఈయన ఒక అరాబర్. ఆ పాప ఆయన గుర్రాల కొట్టంలో చిన్న చిన్న పనులు చేసేది. ఈ ముసలాయన్ని ఇప్పటికే చాలాసార్లు పిలిచారు. ఇంకోసారి పిలిస్తే వేధింపు అవుతుంది. కాబట్టి ఇదే ఆఖరి అవకాశం, చేతిలో 12 గంటలు. పెంబుల్టన్, బేలిస్, టక్కర్. ఎపిసోడ్ దాదాపు మొత్తం ఈ ముగ్గురే, ఆ ఒక్క గదే.

మొదట మంచిగా మొదలుపెడతారు. గుర్రాల గురించి, పాత రోజుల గురించి. తర్వాత అబద్ధాలు దొరకబుచ్చుకుంటారు. తర్వాత అరుస్తారు. పాప ఫొటోలు ముందు పరుస్తారు. బేలిస్ ఒక దశలో ఆయన్ని పట్టుకుని కాలుతున్న పైపు దగ్గరికి తోసేదాకా పోతాడు. అయితే ముసలాయన ఊరికే కూర్చోడు. ఎదురు తిరుగుతాడు. పెంబుల్టన్‌తో, నీ సాటి నల్లవాళ్లను నువ్వు చిన్నచూపు చూస్తావని మొహం మీదే అంటాడు. బేలిస్ లోపల ఏదో చీకటి ఉందని పసిగట్టి దాన్ని కెలుకుతాడు. విచారణ చేసేవాళ్లకే విచారణ మొదలవుతుంది. చివరికి ఏడుస్తూ ఒకటి ఒప్పుకుంటాడు: ఆ పసిపిల్ల మీద తనకు ఉండకూడని ప్రేమ ఉండేదని. చంపానని మాత్రం అనడు. టైమ్ అయిపోతుంది. వదిలేస్తారు.

బయటికొచ్చాక ఏం జరుగుతుందో చూడండి. లోపలికి వెళ్లే ముందు బేలిస్‌కు పూర్తి నమ్మకం, వీడే చంపాడని. పెంబుల్టన్‌కు అనుమానం. 12 గంటల తర్వాత పెంబుల్టన్ నమ్మాడు, బేలిస్‌కు నమ్మకం పోయింది. ఒకే గదిలో, ఒకే మనిషిని, ఒకే మాటలు వింటూ చూసిన ఇద్దరు డిటెక్టివ్‌లు ఎదురెదురు దిక్కులకు వెళ్లారు. చూసేవాళ్లకు జవాబు లేదు. ఆ తర్వాత సీరియల్ ముగిసేదాకా లేదు. బోర్డు మీద ఆ పాప పేరు ఎర్రగానే ఉంటుంది, బేలిస్ బల్ల మీద ఆ ఫొటో ఉంటుంది, ఆ మనిషి జీవితం మెల్లగా ఆ ఫొటో చుట్టూ ఒరిగిపోతుంది. టక్కర్‌గా వేసింది రంగస్థలం నుంచి వచ్చిన మహానటుడు మోజెస్ గన్. ఫోంటానాకు ఈ ఎపిసోడ్ రచనకే ఎమ్మీ ఇచ్చారు.

ఇంతటి నాటకం ఆ గదిలోనే ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే ఇక్కడి చట్టం కొంచెం తెలియాలి. ఇండియాలో పెరిగిన మనకు ఇది వెంటనే తట్టదు. మన దగ్గర పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో ఆ మనిషి మీద సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో సెక్షన్ 25 అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 అదే చెబుతోంది. చెప్పిన మాటను బట్టి కత్తో, నగలో బయటపడితే అంతవరకే పనికొస్తుంది. ఒప్పుకోలు కోర్టులో నిలవాలంటే మేజిస్ట్రేట్ ముందు ఇవ్వాలి. పేపర్లలో మనం చదివే ‘164 స్టేట్‌మెంట్’ అదే. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 183 అయింది. అమెరికాలో అలా కాదు. 1966 మిరాండా తీర్పు ప్రకారం హక్కులు చదివి వినిపించాలి, మాట్లాడనవసరం లేదని, లాయర్‌ను పిలుచుకోవచ్చని చెప్పాలి. అది విన్నాక కూడా మనిషి నోరు విప్పితే, ఒత్తిడి లేకుండా స్వయంగా ఇచ్చిన మాట అని కోర్టు నమ్మితే, ఆ మాట కోర్టులో అతని మీద సాక్ష్యంగా నిలుస్తుంది. ఇంకో సంగతి, డిటెక్టివ్ అబద్ధం చెప్పవచ్చు. నీ స్నేహితుడు అన్నీ చెప్పేశాడు అని లేనిది చెప్పినా అంతమాత్రాన ఒప్పుకోలు కొట్టేయనక్కర్లేదని 1969లోనే సుప్రీంకోర్టు అంది. జిరాక్స్ మిషన్‌ను లై డిటెక్టర్ అని నమ్మించి నిజం రాబట్టిన కథ సైమన్ పుస్తకంలో ఉంది.

అంటే ఆ గదిలో పనిచేసేది మాట ఒక్కటే. సంతలో పశువుల బేరగాడు ఎదుటివాడి అవసరాన్ని పసిగట్టి ధర తేల్చినట్టు, పెంబుల్టన్ ఎదుటి మనిషికి ఏం కావాలో కనిపెడతాడు. ఒకడికి ఓదార్పు కావాలి, ఒకడికి గౌరవం, ఒకడికి నిద్ర. అది ఇస్తానంటాడు, బదులుగా వాడి జీవితం తీసుకుంటాడు. చూస్తున్నప్పుడు మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆ తెలివికి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఈ సీరియల్ చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆ చప్పట్ల దగ్గర మనల్ని పట్టుకుంది.

రెండో సీజన్‌లో, 1994లో, ‘బ్లాక్ అండ్ బ్లూ’ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. ఒక నల్లజాతి యువకుడు వెనక నుంచి తగిలిన తూటాతో చనిపోయాడు. ఆ సమయంలో అక్కడ పోలీసులు ఉన్నారు. కాల్చింది పోలీసే అని పెంబుల్టన్ అనుమానం. లెఫ్టినెంట్ గియార్డెల్లోకు అది మింగుడు పడదు. యాఫెట్ కోటో వేసిన పాత్ర. తల్లి నల్లజాతి, తండ్రి సిసిలీ. చాలా మంచి మనిషి, తన కింద పనిచేసేవాళ్ల కోసం ప్రాణం పెట్టే మనిషి. ఆయనే అంటాడు, మామూలు జనంలో ఎవరైనా చేశారేమో చూడు అని. సరే అంటాడు పెంబుల్టన్. అక్కడున్న ఒక కుర్రాణ్ణి బాక్స్‌లోకి తీసుకెళ్తాడు. ఆ కుర్రాడు ఏమీ చేయలేదు, పెంబుల్టన్‌కు ఆ సంగతి తెలుసు. అయినా తన విద్యంతా ఉపయోగిస్తాడు. మెత్తగా మాట్లాడతాడు, నువ్వు స్నేహితుడివి కదా, నువ్వు కాపాడలేకపోయావు కదా అంటాడు, ఆ బాధను తప్పుగా మారుస్తాడు, తప్పును నేరంగా మారుస్తాడు. కొంతసేపటికి ఆ కుర్రాడు వెక్కి వెక్కి ఏడుస్తూ తానే చంపానని సంతకం పెడతాడు. పెంబుల్టన్ ఆ కాగితం తెచ్చి గియార్డెల్లో చేతిలో పెడతాడు. మీరడిగింది ఇదే కదా అన్నట్టు. గియార్డెల్లో దాన్ని చించేస్తాడు.

ఆ దృశ్యం చూశాక, అంతకుముందు ఎపిసోడ్లలో పెంబుల్టన్ గెలిచిన ప్రతి విచారణ మళ్లీ గుర్తొస్తుంది. వాళ్లలో ఎవరైనా ఇలాంటివాళ్లు ఉన్నారా? ఇదే మనిషి, ఇదే గది, ఇదే పద్ధతి. అప్పుడు న్యాయం అనిపించింది, ఇప్పుడు ఘోరం అనిపించింది. హీరో చేతనే హీరో పనితనాన్ని బోనులో నిలబెట్టిన పోలీసు కథ అంతకుముందు నేను చూడలేదు.

ఇది కేవలం కథ అనుకోకండి. 1983లో బాల్టిమోర్‌లో ఒక స్కూలు పిల్లవాడి హత్య కేసులో ముగ్గురు టీనేజీ కుర్రాళ్లను పట్టుకున్నారు. తర్వాతి ఏడాది యావజ్జీవ శిక్ష పడింది. పోలీసుల పుస్తకాల్లో అది తేలిన కేసు. 2019 నవంబరులో, 36 ఏళ్లు జైల్లో గడిపాక, వాళ్లు నిర్దోషులని తేలి బయటికొచ్చారు. సాక్షులుగా నిలబెట్టిన పిల్లలను బెదిరించి చెప్పించారని బయటపడింది. 2023లో నగరం వాళ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. నల్ల అక్షరాల్లోకి మారిన పేరు కూడా తప్పు కావచ్చు. బోర్డు మీద ఎర్రగా మిగిలిన పేరు కనీసం ఒక నిజం చెబుతుంది, మాకు ఇంకా తెలియదు అని. నల్లగా మారిన తప్పు పేరు రెండు కుటుంబాలను నాశనం చేస్తుంది, అసలు హంతకుణ్ణి హాయిగా ఇంటికి పంపుతుంది.

ఈ సీరియల్ మీద నాకున్న ఒక ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పాలి. ఇది ఎప్పుడూ డిటెక్టివ్‌ల బల్లల దగ్గర నుంచే చూస్తుంది. ఆ వీధుల్లో బతికే జనం సాక్షులుగానో, అనుమానితులుగానో, ఏడ్చే తల్లులుగానో వచ్చి వెళ్లిపోతారు. 2015లో ఫ్రెడీ గ్రే పోలీసు వ్యాన్‌లో గాయపడి చనిపోయాక బాల్టిమోర్ భగ్గుమన్నప్పుడు, 2016లో కేంద్ర న్యాయశాఖ ఆ పోలీసు విభాగం ఏళ్ల తరబడి నల్లవాళ్ల హక్కులు కాలరాసిందని నివేదిక ఇచ్చినప్పుడు, ఈ సీరియల్ అభిమానులమైన మాకు ఆ కొరత మరింత స్పష్టంగా కనిపించింది. వీధిలో జనాన్ని రోజూ నిలబెట్టి సోదాలు చేసే పోలీసులు ఈ కథల్లో దాదాపు లేరు. సైమన్ తర్వాత 2002లో మాజీ హోమిసైడ్ డిటెక్టివ్ ఎడ్ బర్న్స్‌తో కలిసి ‘ద వైర్’ అనే సీరియల్ మొదలుపెట్టినప్పుడు ఆ తలుపులు తెరిచాడు. బడి, రేవు, కార్పొరేషన్ ఆఫీసు, పత్రికాఫీసు, మత్తుమందులు అమ్మే వీధి మలుపు, అన్నీ చూపించాడు. ‘హోమిసైడ్’ లేకపోతే ‘ద వైర్’ లేదు. దాని మొదటి ఎపిసోడ్, ఆఖరి ఎపిసోడ్ దర్శకత్వం వహించింది ‘హోమిసైడ్’లో మెల్‌డ్రిక్ లూయిస్‌గా నటించిన క్లార్క్ జాన్సనే.

చనిపోయినవాళ్ల పట్ల ఈ సీరియల్ చూపిన శ్రద్ధ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ‘బాప్ గన్’ అనే ఎపిసోడ్‌లో రాబిన్ విలియమ్స్ అతిథిగా వచ్చాడు. భార్యాపిల్లలతో బాల్టిమోర్ చూడ్డానికి వచ్చిన ఒక మామూలు మనిషి. కుర్రాళ్లు దోచుకోబోయి, ఆయన కళ్లముందే భార్యను కాల్చి చంపుతారు. స్టేషన్లో కూర్చుని ఉండగా, ఈ కేసుతో నాకు ఎంత ఓవర్‌టైమ్ వస్తుందో అని ఒక డిటెక్టివ్ నవ్వుతూ అనడం ఆయన చెవిన పడుతుంది. ఆయన తట్టుకోలేడు, వెళ్లి లెఫ్టినెంట్‌ను నిలదీస్తాడు. మీ భార్య కోసం ఏడ్చే పని మీది, ఆమెను చంపినవాణ్ణి పట్టుకునే పని మాది, ప్రతి శవానికీ మావాళ్లు ఏడిస్తే ఆ పని చేయలేరు అన్న అర్థంలో లెఫ్టినెంట్ జవాబిస్తాడు. ఇద్దరి మాటా నిజమే. తర్వాత కథ కాల్చిన కుర్రాడి వైపు కూడా వెళ్తుంది, అతను రాక్షసుడేమీ కాదని తెలుస్తుంది, దాంతో ఆ భర్త దుఃఖం తగ్గదు సరికదా ఇంకా బరువెక్కుతుంది. ఆ భర్త కొడుకుగా కనిపించే పిల్లవాడు తర్వాత సినిమా హీరో అయిన జేక్ జిలెన్‌హాల్, తీసింది వాళ్ల నాన్న స్టీఫెన్.

ఆరో సీజన్‌లో ‘సబ్‌వే’ ఇంకో మెట్టు. ఒకడు తోసేస్తే ప్లాట్‌ఫాం మీద నుంచి పడిపోయిన ఒక మనిషి రైలుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య ఇరుక్కుపోయాడు. నడుము పైన స్పర్శ ఉంది, మాట్లాడుతున్నాడు, కోపగించుకుంటున్నాడు. రైలును కదిపిన మరుక్షణం చనిపోతాడు. పెంబుల్టన్ జీవితంలో మొదటిసారి, హతుడు తన హత్య గురించి తానే చెబుతున్నాడు. శవాలతో మాట్లాడటం అలవాటైన మనిషికి బతికున్న మనిషితో ఏం మాట్లాడాలో తెలియదు. ఆ గంటలో విన్సెంట్ డనోఫ్రియో, బ్రాఫర్ ఇద్దరూ చేసింది చూసి తీరాలి. మొత్తంగా ఈ సీరియల్‌కు మూడు పీబాడీ అవార్డులు వచ్చాయి, అందులో ఒకటి ఈ ఎపిసోడ్‌కు.

ఇంత మంచి సీరియల్‌కు ప్రేక్షకులు ఎప్పుడూ తక్కువే. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ అయిన వెంటనే మొదటి ఎపిసోడ్ వేశారు, కోట్ల మంది చూశారు, తర్వాత వారాల్లో జారిపోయారు. రెండో సీజన్‌కు చానల్ ఇచ్చింది కేవలం 4 ఎపిసోడ్లు. కెమెరా అంత ఊగకూడదు, కథలు అంత చీకటిగా ఉండకూడదు, అందమైన మొహాలు కావాలి అని ఒత్తిడి. మెలిస్సా లియో మేకప్ లేకుండా, మామూలు కోటు వేసుకుని కే హోవర్డ్‌గా ఐదు సీజన్లు నటించిందంటే అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. క్రమంగా కొన్నిచోట్ల రాజీపడ్డారు. మత్తుమందుల నాయకుడు లూథర్ మహోనీ కథ బాగానే ఉంటుంది కానీ తర్వాత దాన్ని సాగదీశారు. పెంబుల్టన్ వెళ్లిపోయిన ఏడో సీజన్ నాకు నచ్చదు; మంచి నటులే, కానీ సీరియల్ మామూలైపోయింది. రిచర్డ్ బెల్జర్ వేసిన మంచ్ అనే డిటెక్టివ్ పాత్ర మాత్రం ఇక్కడ ముగిశాక ‘లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ’ సీరియల్‌కు వెళ్లి ఇంకో పద్నాలుగేళ్లు బతికింది. మీలో చాలామందికి ఆ సన్నటి మనిషి అక్కడే పరిచయం.

చూడాలనుకునేవాళ్లకు. పాటల హక్కుల చిక్కుల వల్ల చాలా ఏళ్లు స్ట్రీమింగ్‌లో లేదు. 2024 ఆగస్టు నుంచి పీకాక్‌లో ఉంది. మొదటి సీజన్ 9 ఎపిసోడ్లే, అక్కడి నుంచే మొదలుపెట్టండి, ఇందాక చెప్పిన ఏసీ పాడైన రాత్రి ఎపిసోడ్‌ను చివర్లో కాకుండా మూడోదిగా చూడండి. పిల్లలు పక్కన ఉన్నప్పుడు వద్దు. మొదటి రెండు ఎపిసోడ్ల వరకు కెమెరా ఇబ్బంది పెడుతుంది, తర్వాత కళ్లు అలవాటు పడతాయి. మూడో సీజన్‌లో క్రొసెట్టి పేరుతో ఉన్న ఎపిసోడ్‌ను మాత్రం ఇంకో పని చేసుకుంటూ చూడకండి. ఒక డిటెక్టివ్ చావు ఆత్మహత్యా కాదా అని స్నేహితులే విచారించాల్సి వస్తే ఎలా ఉంటుందో అందులో ఉంది. లూయిస్ తన పార్ట్‌నర్‌ది హత్యే అని చివరిదాకా వాదిస్తాడు, ఎందుకంటే హత్య అయితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా చూసినవాళ్లు. టక్కర్ చేశాడా లేదా అన్న దాని మీద మీ అభిప్రాయం వినాలని నాకు ఉంది.